ప్రియొరాట్: ఒక స్పానిష్ రెడ్ వైన్ బలం ఎక్కడిది, దాని పక్కన ఏ వంట నిలుస్తుంది

క్లుప్తంగా: స్పెయిన్‌లోని కాటలోనియాలో పలకరాతి కొండలపై పండే ద్రాక్షతో చేసే ప్రియొరాట్ రెడ్ వైన్‌కు ‘బలమైనది’ అని పేరు. ఆ బలంలో ఆల్కహాల్, వగరు, చిక్కదనం అనే మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. కొవ్వు, మాంసకృత్తులు, ఉప్పు ఉన్న వంటలు దీనికి కుదురుతాయి. మిరపకారం, చింతపండు పులుపు, తీపి దీన్ని చెడగొడతాయి.

తెలుగువారి వాడుకలో ‘స్ట్రాంగ్’ అనే మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. స్ట్రాంగ్ టీ అంటే నాలుకకు వగరు తగిలే టీ. స్ట్రాంగ్ బీరు అంటే ఆల్కహాల్ శాతం ఎక్కువున్న బీరు. స్ట్రాంగ్ కాఫీ అంటే డికాక్షన్ చిక్కగా దిగిన కాఫీ. మూడు సందర్భాల్లోనూ మాట ఒకటే అయినా, నోట్లో జరిగేది మాత్రం ఒకటి కాదు. రెస్టారెంట్ మెనూలోనో, విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలోనో ఒక స్పానిష్ రెడ్ వైన్ పేరు పక్కన ‘పవర్‌ఫుల్’ అనీ, ‘మాంసాహారంతో బాగుంటుంది’ అనీ రాసి ఉన్నప్పుడు, ఆ బలం ఈ మూడింటిలో ఏదో అక్కడ చెప్పరు. దాంతో చాలామంది బలమైన వైన్‌కు బలమైన కూర తోడవ్వాలని తీర్మానించుకుని, ఎర్రగా కారం దట్టించిన మటన్ వేపుడు పక్కన దాన్ని పెట్టుకుంటారు. అప్పుడు వైన్ చేదెక్కుతుంది, గొంతు మండుతుంది, కూర రుచి కూడా పోతుంది. తప్పు వైన్‌దీ కాదు, కూరదీ కాదు. ‘బలం’ అనే ఒక్క మాటను నమ్ముకోవడంలో ఉంది. ఈ గందరగోళాన్ని విడదీసి చూడటానికి ప్రియొరాట్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు, ఎందుకంటే పై మూడు అర్థాల్లోనూ అది స్ట్రాంగే.

పలకరాతి నేల

ప్రియొరాట్ అనేది ద్రాక్ష పేరు కాదు, ఊరి పేరూ కాదు. స్పెయిన్ ఈశాన్యాన, కాటలోనియాలోని తర్రగోనా ప్రాంతంలో, మధ్యధరా తీరానికి కొంత లోపలగా ఉన్న ఒక చిన్న కొండ ప్రాంతం అది. ద్రాక్ష తోటల విస్తీర్ణం మొత్తం కలిపినా దాదాపు 2,000 హెక్టార్లే. గ్రతల్యోప్స్, పొరేరా, తొరోజా, పొబొలేదా వంటి చిన్న చిన్న గ్రామాల చుట్టూ, సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల నుంచి 700 మీటర్ల పైదాకా వాలుల మీద తోటలు పరుచుకుని ఉంటాయి. ఉత్తరాన మొన్‌సాంత్ కొండ గోడలా నిలబడి చలిగాలులను కొంత ఆపుతుంది; దక్షిణం నుంచి, కొండల సందుల్లోంచి సముద్రపు గాలి వస్తుంది.

అసలు సంగతి నేలలో ఉంది. అక్కడివారు దాన్ని లికొరెల్యా అంటారు. పలకరాయి పొరలు పొరలుగా పగిలి ఏర్పడిన నేల అది. కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల తుప్పు రంగులో, ఎండ పడితే అభ్రకం మెరుపుతో కనిపిస్తుంది. ఒకప్పుడు బడిపిల్లల చేతుల్లో ఉన్న మార్కాపురం పలకలను కొన్ని లక్షలు పగలగొట్టి ఒక కొండ నిండా పోసినట్టు ఊహించుకుంటే ఆ నేల కళ్లకు కడుతుంది. వాన పడితే పైన నీరు నిలవదు, పలకల సందుల్లోంచి లోపలికి జారిపోతుంది. ఆ నీటి కోసం తీగ వేర్లు కూడా అవే సందుల్లో దిగాలి. పైపొరలో సేంద్రియ పదార్థం నామమాత్రం. పగలు కాగిన రాయి సాయంత్రం పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటుంది.

వర్షం ఏడాదికి ఇంచుమించు 500 మిల్లీమీటర్లు, అంటే అనంతపురం సగటుకు కాస్త అటూఇటూ. అయితే అక్కడ వాన ఎక్కువగా శరదృతువులో, వసంతంలో పడుతుంది. కాయ ముదిరే వేసవి దాదాపు పొడిగా గడిచిపోతుంది. నీళ్లు లేని తీగ తక్కువ కాయలు కాస్తుంది, ఆ కాయలు చిన్నవిగా ఉంటాయి. ద్రాక్ష కాయ చిన్నదయ్యే కొద్దీ లోపలి రసంతో పోలిస్తే తొక్క వాటా పెరుగుతుంది. రెడ్ వైన్‌కు రంగు తొక్కలోంచే వస్తుంది, వగరు తొక్కలోంచీ విత్తుల్లోంచీ వస్తుంది. ముసలి తీగలైతే ఒక్కోదానికి కిలో కాయ కూడా రాని సందర్భాలు సాధారణమే. నిబంధనల ప్రకారం హెక్టారుకు 6,000 కిలోల దాకా ఎర్ర ద్రాక్ష కోయవచ్చు గానీ, ఈ వాలుల మీద ఆ హద్దు గురించి బెంగపడే రైతు అరుదు. వాలు నిటారుగా ఉన్నచోట ట్రాక్టరు ఎక్కదు. కంచర గాడిదతో దున్నే తోటలు ఇప్పటికీ ఉన్నాయి. సీసా ధరలో కొంత భాగం ఈ కూలికే పోతుంది.

ఇక్కడ ఒక ప్రచారాన్ని పక్కన పెట్టాలి. వైన్ అమ్మేవారు ‘రాతి రుచి’ గురించి ధారాళంగా మాట్లాడతారు. రాయి రుచి వేరు గుండా ఎక్కి గ్లాసులోకి దిగుతుందన్న మాటకు శాస్త్రాధారం లేదు. తీగ తీసుకునేది నీటిలో కరిగిన లవణాలను, అవీ అతి స్వల్ప మోతాదులో. రాయి చేసే పని పరోక్షమైనది. అది నీటిని కట్టడి చేస్తుంది, వేడిని నిలుపుతుంది, దిగుబడిని తగ్గిస్తుంది. వైన్ స్వభావం ఆ కట్టడిలోంచి వచ్చింది.

రెండు ద్రాక్షల పొత్తు

ప్రియొరాట్‌లో ప్రధానమైనవి రెండు ద్రాక్షలు: గర్నాచా, కారిన్యేనా. గర్నాచా తొక్క పలచన; చక్కెర విపరీతంగా కూడగట్టుకుంటుంది; పండిన ఎర్ర పళ్ల సువాసన, మెత్తదనం ఇస్తుంది; రంగు మాత్రం అంతగా ఇవ్వదు, గాలి తగిలితే త్వరగా వాడిపోతుంది. కారిన్యేనా దీనికి విరుద్ధం. ఆలస్యంగా ముదురుతుంది, పులుపును వదులుకోదు, రంగు చిక్కన, వగరు గట్టిగా ఉంటుంది. కొత్త తీగల నుంచి, ఎక్కువ దిగుబడితో తీస్తే మొరటుగా ఉండే ఈ కారిన్యేనా, ముసలి తీగల నుంచి తీస్తే గర్నాచాకు వెన్నెముకలా నిలుస్తుంది. వీటికి తోడు కబెర్నే సావిన్యో, సిరా, మెర్లో వంటి ఫ్రెంచ్ ద్రాక్షలను కూడా కొందరు కలుపుతారు. 1990లలో ఆ వాడకం ఎక్కువగా ఉండేది.

చక్కెర లెక్క తెలిస్తే ఆల్కహాల్ లెక్క తెలుస్తుంది. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఉంటే వైన్‌లో 1 శాతం ఆల్కహాల్ తయారవుతుంది. 15 శాతం కావాలంటే లీటరుకు 250 గ్రాముల పైచిలుకు చక్కెర ఉండాలి. వేడి కొండ మీద, నీళ్లు తక్కువైన తీగకు, చక్కెర కూడగట్టుకునే గర్నాచాకు అది పెద్ద కష్టమేమీ కాదు. అందుకే ప్రియొరాట్ సీసాల మీద 14.5, 15 వంటి అంకెలు మామూలుగా కనిపిస్తాయి. ఐరోపా నిబంధనలు లేబుల్ అంకెకు, అసలు శాతానికి సాధారణంగా 0.5 తేడాను అనుమతిస్తాయి కాబట్టి, 15 అని రాసి ఉన్న సీసాలో 15.4 ఉన్నా అది తప్పుగా లెక్కకు రాదు.

ఈ అంకె తాగేవారికి ఏం చెబుతుందో తెలిసిన కొలతలోకి మార్చి చూడవచ్చు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 15 శాతం వైన్ పోస్తే అందులో 22.5 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో 42.8 శాతంతో అమ్మే విస్కీ లార్జ్ పెగ్గులో, అంటే 60 మిల్లీలీటర్లలో, సుమారు 25.7 మిల్లీలీటర్లు ఉంటుంది. ‘వైనే కదా, ఏముందిలే’ అనుకునే గ్లాసుకూ లార్జ్ పెగ్గుకూ మధ్య తేడా అంతే.

మఠం నుంచి మార్కెట్ దాకా

ఆ ప్రాంతానికి ప్రియొరాట్ అనే పేరు మఠాధిపతి హోదా నుంచి వచ్చింది. 12వ శతాబ్దిలో మొన్‌సాంత్ కొండ పాదాన కార్తూసియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు స్కాలా దెయ్ అనే మఠం కట్టారు. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఆ మఠం పెద్ద అయిన ‘ప్రియర్’ ఏలుబడిలో ఉండేవి. స్కాలా దెయ్ అంటే దేవుని నిచ్చెన. అక్కడి పైన్ చెట్టు మీదుగా దేవదూతలు నిచ్చెన ఎక్కి స్వర్గానికి పోవడం ఒక గొర్రెల కాపరి కలలో చూశాడని స్థలపురాణం. ద్రాక్ష సాగును ఆ కొండల్లో స్థిరపరచింది ఈ సన్యాసులే. 1835లో స్పెయిన్ ప్రభుత్వం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకున్నప్పుడు వారు వెళ్లిపోయారు, మఠం పాడుబడింది. శతాబ్ది చివరికి ఫిలోక్సెరా అనే వేరు తెగులు పురుగు వచ్చి తోటలను తుడిచిపెట్టింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లపాటు ఆ ప్రాంతం కథ వలసల కథే: యువత రెయుస్‌కో, తర్రగోనాకో, బార్సెలోనా ఫ్యాక్టరీలకో పోయారు; మిగిలినవారు సహకార సంఘాలకు ద్రాక్ష తోలారు. అప్పట్లో ఇక్కడి వైన్‌ను టోకుగా కొని, పలచబడిన ఇతర వైన్లకు రంగు, ఘాటు చేర్చడానికి వాడేవారు. అంటే ఈ వైన్ బలం ఒకప్పుడు దానికి గౌరవం తెచ్చిపెట్టలేదు, ఎరువు బస్తాలాంటి సరుకును చేసింది.

మార్పు 1980ల చివర వచ్చింది. రెనే బార్బియే అనే వైన్ తయారీదారు ముందే ఇక్కడ భూమి కొని ఉన్నాడు. అతని చుట్టూ అల్వారో పలాసియోస్, జుజెప్ లుయిస్ పెరెజ్, కార్లెస్ పస్త్రానా, డాఫ్నే గ్లోరియన్ తదితరులు గ్రతల్యోప్స్‌లో చేరారు. 1989 పంటను కలిసికట్టుగా ఒకే వైన్‌గా చేసి, ఎవరి లేబుల్ వారు అంటించి అమ్మారు. క్లోస్ మొగదోర్, క్లోస్ ఎరాస్ముస్ వంటి పేర్లు అక్కడే మొదలయ్యాయి. 1993లో పలాసియోస్ ముసలి గర్నాచా తీగలతో తొలిసారి తెచ్చిన లెర్మితా అనే వైన్, స్పెయిన్‌లోని అత్యంత ఖరీదైన వైన్ల జాబితాలో చేరింది. 2000లో కాటలోనియా ప్రభుత్వం ఈ ప్రాంతానికి అత్యున్నత శ్రేణి గుర్తింపునిచ్చింది, 2009లో స్పెయిన్ జాతీయ స్థాయిలో దాన్ని ఖరారు చేసింది. అంతకుముందు 1991లో ఆ హోదా పొందిన రియోహా అనే వైన్ ప్రాంతం తప్ప ఈ వరుసలో మరొకటి లేదు.

వగరు, కొవ్వు, మజ్జిగలో అరటిపువ్వు

వైన్ రుచిని వర్ణించే ఇంగ్లీషు పుస్తకాలు, వగరునిచ్చే టానిన్ అనే పదార్థం గురించి పేజీలు పేజీలు రాస్తాయి. తెలుగువారికి అంత అవసరం లేదు. షడ్రుచుల్లో వగరు ఒకటి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసేది దానికోసమే. నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక బిరుసెక్కి అంగిలికి అంటుకున్నట్టు ఉండటం, వక్క నమిలితే బుగ్గ లోపలి చర్మం ముడుచుకున్నట్టు అనిపించడం ఈ వగరే. కచ్చితంగా చెప్పాలంటే అది రుచికన్నా స్పర్శకు దగ్గరి అనుభవం. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లను టానిన్లు పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. దాంతో జారుడు పోయి రాపిడి మొదలవుతుంది. గుటక గుటకకూ ఈ రాపిడి పెరుగుతుందే గానీ తగ్గదు. నాలుగో గుటకకు వైన్ మొదటి గుటక కన్నా మొరటుగా అనిపించడానికి కారణం అదే.

టానిన్లకు లాలాజలమే కావాలని లేదు, ఏ ప్రోటీన్ దొరికినా పట్టుకుంటాయి. డికాక్షన్ టీ వగరుగా ఉండి, పాలు పోయగానే మెత్తబడటంలో జరిగేది ఇదే: పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టానిన్లను ముందే పట్టేసుకుంటుంది. అరటిపువ్వు కూరకు రెక్కలు చిదిమి మజ్జిగలో వేసే ఇల్లాలు కూడా ఈ సూత్రాన్నే వాడుతోంది. మజ్జిగ పులుపు పువ్వు నల్లబడకుండా చూస్తే, దాని ప్రోటీన్ వగరును లాగేస్తుంది. రెడ్ వైన్ పక్కన మాంసం పెట్టడానికి వెనుక ఇంతకుమించిన రహస్యం లేదు. మాంసంలోని ప్రోటీన్ టానిన్లకు పని కల్పిస్తుంది, కొవ్వు నోటికి మళ్లీ జారుడు పూత పూస్తుంది. అటు నుంచి చూస్తే, కొవ్వుతో నోరు జిడ్డెక్కినప్పుడు వైన్ దాన్ని కడిగేస్తుంది. ముద్దకూ గుటకకూ మధ్య ఒక వంతు నడుస్తుంది. ఉప్పు ఈ వంతులో మూడో చెయ్యి: అది చేదును అణుస్తుంది. అందుకే ఉప్పు సరిగా పడని మాంసంతో ఈ వైన్ చేదుగా, సరిగా పడినదానితో తియ్యగా తోస్తుంది.

కాటలోనియా వంటలు ఈ లెక్కకు ఎలా సరిపోతాయో చూడటం ఆసక్తికరం. ప్రియొరాట్ కొండల్లో దొరికే అడవిపందితో చేసే సివెత్ ఒక ముఖ్యమైన వంట. మాంసాన్ని మూలికలు వేసిన రెడ్ వైన్‌లో నానబెట్టి, ఉల్లిపాయ మగ్గించిన ముద్దలో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు. దించే ముందు పికాదా కలుపుతారు. బాదం లేదా హేజెల్ గింజలు, వెల్లుల్లి, వేయించిన రొట్టె ముక్క, ఒక్కోసారి కాస్త చేదు చాక్లెట్ కలిపి రోట్లో నూరిన ముద్ద అది. గసగసాలు, కొబ్బరి, జీడిపప్పు నూరి చివర్లో కూరలో కలపడం తెలిసినవారికి పికాదా కొత్తగా అనిపించదు. అక్కడ కారం ఉండదన్నదే తేడా. ప్రోటీన్, గింజల నూనె, నెమ్మదిగా కరిగిన మాంసపు జిగురు, ఉప్పు అన్నీ ఒకే గిన్నెలో ఉన్నాయి కాబట్టి ప్రియొరాట్ వగరుకు ఇది నిండుగా సరిపోతుంది. పక్కనే పండే రెయుస్ హేజెల్ గింజలు, సియురానా ఆలివ్ నూనె ఈ వంటింటిని ఆ వైన్‌కు ఇంకాస్త దగ్గర చేస్తాయి. బొగ్గుల మీద కాల్చిన బోతిఫార్రా అనే పంది మాంసపు సాసేజ్, దాని పక్కన తెల్ల చిక్కుడు గింజలు. రోజ్‌మేరీ వేసి కాల్చిన గొర్రెపిల్ల మాంసం. ఎద్దు తోక ఇగురు — ఇవన్నీ ఆ వరుసలోనివే.

చిక్కదనానికి మాత్రం వేరే నియమం వర్తిస్తుంది. వగరును కొవ్వు, ప్రోటీన్ మెత్తబరుస్తాయి గానీ, చిక్కటి వైన్ ముందు పలచటి వంట కనబడకుండా పోతుంది. ఉడికించిన కోడి రొమ్ము ముక్కలో ప్రోటీన్‌కు కొదవ లేదు, అయినా ప్రియొరాట్ పక్కన అది చప్పిడి కూడులా ఉంటుంది. ఇగిరి, మాడీ మాడనట్టు ఎర్రబడి, అడుగున గుజ్జు మిగిలిన వంటలే దీనికి ఈడు.

కారం దగ్గర లెక్క తప్పుతుంది

మొదట చెప్పిన మటన్ వేపుడు దగ్గరికి ఇప్పుడు తిరిగి రావచ్చు. అందులో ప్రోటీన్ ఉంది, కొవ్వు ఉంది, ఉప్పు ఉంది, చిక్కదనమూ ఉంది. వగరు, చిక్కదనం అనే రెండు లెక్కల్లో అది ప్రియొరాట్‌కు బ్రహ్మాండంగా కుదరాలి. చిక్కు మూడో లెక్కలో, అంటే ఆల్కహాల్‌లో వస్తుంది.

మిరపకాయ కారం రుచి కాదు, మంట. నాలుకలో వేడిని పసిగట్టే నాడీ గ్రాహకం ఒకటుంది. దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. మామూలుగా దాదాపు 42 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే అది మేల్కొంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ కూడా అదే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది కాబట్టి, ఏమీ కాలకపోయినా కాలినట్టు అనిపిస్తుంది. ఆల్కహాల్ అదే గ్రాహకం మీద పనిచేసి, అది మేల్కొనే హద్దును సుమారు 34 డిగ్రీలకు దించుతుందని ప్రయోగశాలల్లో తేలింది. మన నోటి వేడే అంతకన్నా ఎక్కువ. గాయం మీద స్పిరిట్ పడితే మండటానికి కారణం కూడా ఈ గ్రాహకమే. కారం తట్టి లేపిన తలుపు దగ్గర 15 శాతం ఆల్కహాల్ కూడా వచ్చి నిలబడితే మంట కూడికలా కాక, గుణకారంలా పెరుగుతుంది. పైగా మంట హెచ్చిన నోటికి వగరు, చేదు మరింత పదునుగా తెలుస్తాయి. పండు సువాసన వెనక్కి పోతుంది. ఆల్కహాల్ కారాన్ని కరిగించి కడిగేస్తుందన్న మాట తరచుగా వినిపిస్తుంది. క్యాప్సైసిన్ గాఢమైన ఆల్కహాల్‌లో కరుగుతుంది నిజమే, కానీ వైన్‌లో ఎనభై శాతానికి పైగా ఉండేది నీరే. కారానికి విరుగుడు పెరుగే. అందులోని కేసీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుంటుంది.

పులుపు మరో చిక్కు. గోంగూర మాంసం, చింతపండు పులుసు వంటివి తిన్న నాలుకకు వైన్‌లోని పులుపు తెలియదు. గర్నాచా ఎక్కువగా ఉన్న వైన్‌లో అసలే పులుపు తక్కువ. అదీ మాయమైతే మిగిలేది తీపి వాసన, ఘాటు మాత్రమే. వైన్ దగ్గు మందులా తోస్తుంది. కాబట్టి గోంగూర మాంసం ఈ వైన్‌కు రెండు వైపులా ప్రతికూలం. ఇక్కడ ఎవరి వంట గొప్పదన్న ప్రశ్న లేదు. కారం, పులుపు ఎక్కువున్న వంటకు ఆల్కహాల్ తక్కువై, కాస్త తీపి ఉండి, చల్లగా అందే వైన్ కావాలి, లేదా వైనే అక్కర్లేదు.

తెలుగు వంటల్లో ప్రియొరాట్ పక్కన నిలిచేవి ఉన్నాయి, అయితే అవి సాధారణంగా ఊహించేవి కావు. కారం తగ్గించి, గసగసాలు, జీడిపప్పు ముద్దతో ఇగిర్చిన మాంసం. మిరపకాయ బదులు మిరియాలు మితంగా పడిన వేపుడు. నెయ్యిలో ఎర్రగా వేయించిన పుట్టగొడుగులు. నిప్పుల మీద కాల్చిన పనీర్. మిరియాల ఘాటు కూడా అదే గ్రాహకాన్ని తడుతుంది గానీ చాలా బలహీనంగా. శాకాహారులకు పనీర్ చక్కటి దారి, ఎందుకంటే అందులో ఉన్నది వగరును పట్టే ఆ కేసీనే. గుత్తివంకాయలో వేరుశెనగ, నువ్వుల నూనె వైన్‌కు అనుకూలమే, చింతపండే అడ్డు.

చీజ్, చేప, చాక్లెట్

ముదిరిన గొర్రెపాల చీజ్, ముఖ్యంగా ఏడాది దాటిన మాంచేగో, దీనికి సులువైన జోడీ: ప్రోటీన్, కొవ్వు, ఉప్పు మూడూ అందులో పోగై ఉన్నాయి. నీలి బూజు చీజ్ పనికిరాదు. నూనె చేపలతో రెడ్ వైన్ ఇనుప వాసన కొట్టడానికి వైన్‌లోని ఇనుము, చేప నూనెలోని కొవ్వు ఆమ్లాలు కలిసి చేసే రసాయన చర్య కారణం. డార్క్ చాక్లెట్‌తో రెడ్ వైన్ అనేది ప్రచారంలో ఉన్నంతగా నోట్లో నిలవదు. వైన్ కన్నా తియ్యనిదేది తిన్నా వైన్ పుల్లగా, చేదుగా మారుతుంది. ఆ ప్రాంతంలోనే గర్నాచాతో చేసే తీపి వైన్ ఉంది, చాక్లెట్‌కు అది వేరే మాట.

గది వేడి ఎవరి గదిది

‘రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో అందించాలి’ అన్న సూత్రం ఐరోపాలో, హీటర్లు లేని ఇళ్ల కాలంలో పుట్టింది. ఆ గది 16 నుంచి 18 డిగ్రీలు. మే నెల విజయవాడ గదిలో 33 డిగ్రీల దగ్గర ఉన్న ప్రియొరాట్ సీసా తెరిస్తే ముక్కుకు ముందు తగిలేది ఆవిరయ్యే ఆల్కహాల్. సీసాను అరగంట, గది బాగా వేడిగా ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే ఆ ఘాటు అణగి పండు వాసన పైకి వస్తుంది. అతిగా చల్లబరిస్తే వగరు పదునెక్కుతుంది, కాబట్టి ఐస్ ముక్కలు దీనికి మందు కాదు. కొత్త పంట వైన్‌ను వెడల్పాటి జగ్గులో ఒక గంట ముందు పోసి ఉంచడం కూడా మేలు చేస్తుంది.

పొరుగు బలాలు

స్పెయిన్‌లో ‘పవర్‌ఫుల్’ అనిపించుకునేది ప్రియొరాట్ ఒక్కటే కాదు. రిబేరా దెల్ దుయెరోలో తోటలు 750 మీటర్ల పైన ఉంటాయి. పగలు ఎండ, రాత్రి చలి. అక్కడి తెంప్రానియో ద్రాక్షకు వగరు, పులుపు రెండూ నిలుస్తాయి. పాలు తాగే గొర్రెపిల్లను మట్టి పాత్రలో, ఉప్పు, నీళ్లు తప్ప పెద్దగా ఏమీ వేయకుండా, కట్టెల పొయ్యిలో కాల్చే లెచాసో దాని సహజమైన జోడీ. తోరోలో అదే ద్రాక్ష ఇంకా దట్టంగా, ఘాటుగా పండుతుంది. ఇసుక నేలల్లో ఫిలోక్సెరా బతకలేదు కాబట్టి అంటు కట్టని ముసలి తీగలు అక్కడ మిగిలాయి. ముర్సియా వైపున ఉన్న హుమియాలో మొనాస్త్రెల్ ద్రాక్ష నల్లగా, జామ్‌లా ఉంటుంది, ధర తక్కువ. స్ట్రాంగ్ అనే మాటలోని మూడు అర్థాలను వీటికి పంచితే, రిబేరా ఎక్కువగా టీ వైపు, హుమియా కాఫీ వైపు మొగ్గుతాయి. ప్రియొరాట్ మూడింటినీ ఒకేసారి మోస్తుంది. వంటను ఎంచుకోవడం దానితోనే కష్టం కావడానికి కారణం ఇదే.

ధర కూడా ఈ ఎంపికలో ఒక అంశం. దిగుబడి తక్కువ, కూలి ఎక్కువ కావడంతో ఐరోపాలోనే ప్రియొరాట్ చవక కాదు. భారతదేశంలో దిగుమతి వైన్ మీద వేసే కస్టమ్స్ సుంకం, దానిపై రాష్ట్రాల పన్నులు కలిస్తే అదే సీసా విలాస వస్తువు అయిపోతుంది. ప్రియొరాట్‌ను దాదాపు నలువైపులా చుట్టి ఉన్న, ఆ కొండ పేరే పెట్టుకున్న మొన్‌సాంత్ ప్రాంతం వైన్లు అవే ద్రాక్షలతో, కాస్త మెత్తగా, తక్కువ ధరకు వస్తాయి. వంట మీద ప్రయోగాలు చేయదలచినవారికి అవి నయం.

ఎండలు ముదిరితే

ఈ వైన్ బలానికి మూలమైన వేడి, కరువు ఇప్పుడు దానికే ముప్పుగా మారాయి. 2021 తర్వాత మూడేళ్లు కాటలోనియా తీవ్రమైన కరువును చూసింది. 2024 ఫిబ్రవరిలో బార్సెలోనా ప్రాంతంలో నీటి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వేడి ఎక్కువైతే కాయలో చక్కెర ముందే పెరుగుతుంది, తొక్క, విత్తులు మాత్రం అంత వేగంగా ముదరవు. ముందు కోస్తే వగరు పచ్చిగా ఉంటుంది, ఆగి కోస్తే ఆల్కహాల్ 15 దాటిపోతుంది. నీటి ఎద్దడి హద్దు మీరితే తీగ ఆకుల్లోని సూక్ష్మ రంధ్రాలను మూసుకుని పనే మానేస్తుంది, అప్పుడు చక్కెర కూడా పెరగదు.

రైతులు, వైన్ తయారీదారులు దీనికి పలు రకాలుగా స్పందిస్తున్నారు. ఒకప్పుడు ఎండ కోసం దక్షిణ వాలులను వెతికినవారు ఇప్పుడు ఉత్తరం వైపు, ఎత్తైన వాలుల వైపు చూస్తున్నారు. పులుపు నిలుపుకునే కారిన్యేనాకు విలువ పెరిగింది. ఫ్రెంచ్ ద్రాక్షల వాటా తగ్గుతోంది. 1990లలో 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో నానబెట్టి చెక్క వగరును అదనంగా ఎక్కించిన పద్ధతి పక్కకు జరిగి, చాలాచోట్ల పెద్ద పీపాలు, సిమెంటు తొట్లు, మట్టి జాడీలు వచ్చాయి. తొక్కలను పిండి పిండి సారం తీయడమూ తగ్గింది. ఊరి పేరుతో, తోట పేరుతో లేబుల్ వేసే శ్రేణులు కూడా వచ్చాయి. ఏ ఊరి వైన్ ఎంత మెత్తనో సీసా చూసి అంచనా వేసే వీలు దానివల్ల కొంత కలిగింది.

దీని ప్రభావం వంట జోడీల మీద ఇప్పటికే కనిపిస్తోంది. అదే ప్రియొరాట్ పేరుతో, 1998 పంట సీసా అడవిపంది సివెత్‌ను కోరితే, మట్టి జాడీలో ముదిరిన 2020ల నాటి గర్నాచా కాల్చిన పుట్టగొడుగులకో, కాల్చిన కోడికో కూడా ఒదిగిపోవచ్చు. రెస్టారెంట్ మెనూల్లో ఇప్పటికీ అచ్చవుతున్న ‘వేట మాంసంతో మాత్రమే’ అనే సలహా మొదటి రకం సీసాను చూసి రాసింది. అందుకే ఆర్డరు ఇచ్చే ముందు వెయిటర్‌ను అడగదగిన ప్రశ్నలు మూడు: ఏ ఏడాది పంట, ఎంత శాతం, గర్నాచా ఎక్కువా, కారిన్యేనా ఎక్కువా.